స్థౌల్య శస్త్రచికిత్స అనంతరం: పథ్యం, దినచర్య, గృహవైద్యం

స్థూలకాయానికి చేయు శస్త్రచికిత్స రెండు మూడు గంటలలో ముగియును. దాని ఫలితం నిలుచుటయు, చెడుటయు మాత్రం ఆపై సంవత్సరాల తరబడి రోగి ఇంటి వంటగదిపైనే ఆధారపడి యుండును. గంగవరం, పలమనేరు, పుంగనూరు, మదనపల్లె, కుప్పం ప్రాంతాలవారు ఈ చికిత్సకై సాధారణంగా బెంగుళూరు, వెల్లూరు, తిరుపతి, చెన్నై వంటి నగరాలకు పోవుదురు. కొద్ది దినాలలోనే ఇంటికి తిరిగివత్తురు. అక్కడి నుండి రోగికి దగ్గరగా ఉండునది పెద్ద ఆసుపత్రి కాదు. భార్యయో, తల్లియో, కోడలో వండిపెట్టు ఆహారం, ఇరుగుపొరుగువారు చెప్పు చిట్కాలు. వీటిలో ఏవి మేలు చేయును, ఏవి కీడు చేయును అను విషయాన్ని మన వంటకాల ఆధారంగానే ఈ వ్యాసంలో వివరించుచున్నాము.

శాస్త్రదృష్టిలో స్థౌల్యం

చరకసంహిత సూత్రస్థానం 21వ అధ్యాయానికి 'అష్టౌనిందితీయం' అని పేరు. అందులో అతిస్థూలునికి కలుగు ఎనిమిది దోషాలు చెప్పబడినవి. ఆయుష్షు తగ్గుట, కదలికలు మందగించుట, దాంపత్యసుఖానికి అవరోధం, దుర్బలత, శరీరదుర్గంధం, అతిస్వేదం, అతిక్షుధ, అతిపిపాస అనునవి ఆ ఎనిమిది. మేదస్సు మార్గాలను అడ్డగించుటచే వాయువు కోష్ఠంలోనే సంచరించుచు జఠరాగ్నిని రగుల్చుననియు, అందుచే స్థూలునికి మాటిమాటికి ఆకలి వేయుననియు చరకుని వివరణ. అతికృశుని కంటె అతిస్థూలునికి చికిత్స చేయుట కష్టతరమని కూడ ఆయన హెచ్చరించినాడు.

నేటి వైద్యశాస్త్రం ఈ ఆకలిని మరొక విధంగా వివరించుచున్నది. జీర్ణాశయపు పైభాగం నుండి 'గ్రెలిన్' అను ఆకలి పుట్టించు హార్మోను అధికంగా వెలువడును. 'స్లీవ్' అను శస్త్రచికిత్సలో ఆ భాగంతో సహా జీర్ణాశయంలో సుమారు 80 శాతం తొలగించి, తక్కినదానిని అరటికాయ వంటి సన్నని గొట్టంగా మిగుల్చుదురు. అందుచే పట్టు ఆహారం తగ్గుటయే గాక ఆకలి కూడ తగ్గును. 'బైపాస్' అను రెండవ పద్ధతిలో జీర్ణాశయం పైభాగాన సుమారు 30 మిల్లీలీటర్లు పట్టు చిన్న సంచిని ఏర్పరచి, దానిని నేరుగా చిన్నప్రేగునకు కలుపుదురు. ఈ పద్ధతిని 1966లో అమెరికాలోని అయోవా విశ్వవిద్యాలయంలో ఎడ్వర్డ్ మేసన్, చికాషి ఇటో అను వైద్యులు ప్రారంభించినారు.

ఇచ్చట ఒక అపోహను తొలగించవలసి యున్నది. 2015 జూన్ 6న తెలుగు చలనచిత్ర నటి ఆర్తి అగర్వాల్ అమెరికాలోని న్యూజెర్సీలో 31వ ఏట మరణించినప్పుడు, అంతకు కొన్ని వారాల ముందు ఆమె లైపోసక్షన్ చేయించుకొన్నారని పత్రికలు వ్రాసినవి. లైపోసక్షన్ అనగా చర్మం క్రింది కొవ్వును గొట్టంతో పీల్చివేయుట. అది ఆకారాన్ని దిద్దుటకు చేయునది. ఆకలిని గాని, మధుమేహాన్ని గాని తగ్గించునది కాదు. మనం చెప్పుకొనుచున్నది జీర్ణావయవాలకు చేయు శస్త్రచికిత్స. పేర్లు కలగాపులగం చేసి ఒకదాని పథ్యాన్ని మరొకదానికి పాటింపరాదు.

చరకుని సంసర్జన క్రమం – నేటి ఆహార క్రమం

వమన విరేచనాల వంటి శోధన చికిత్సల పిదప జఠరాగ్ని మందగించి యుండును. అట్టివానికి వెంటనే అన్నం పెట్టరాదనియు, పేయ (పలుచని గంజి), విలేపి (చిక్కని గంజి), అకృతయూషం (ఉప్పు, నేయి, పోపు లేని పప్పుకట్టు), కృతయూషం (అవి చేర్చిన కట్టు), మాంసరసం అను వరుసలో ఆహారం పెంచవలెననియు చరకుడు సిద్ధిస్థానంలో విధించినాడు. చిన్న నిప్పురవ్వను మొదట గడ్డితో, పిదప పిడకలతో రాజవేయునట్లు జఠరాగ్నిని క్రమంగా పెంచవలెనని ఆయన భావం.

శస్త్రచికిత్స అనంతరం ఆసుపత్రివారు ఇచ్చు ఆహారపట్టిక కూడ ఇదే వరుసలో నడుచును. కాని భేదం ఒకటి గలదు. శోధన పిదప సంసర్జనం గరిష్ఠంగా ఏడు దినాలలో ముగియును. ఇచ్చట లోపల కోసి కుట్టిన గాయం మానవలెను గనుక ఆరు నుండి ఎనిమిది వారాలు పట్టును. సాధారణంగా పాటించు క్రమం ఇది:

1. తొలి ఒకటి రెండు దినాలు: కాచి చల్లార్చిన నీరు, వడగట్టిన పలుచని కూరగాయల రసం. గ్లాసెత్తి త్రాగరాదు, చిన్న గుటకలుగా, కొద్దికొద్దిగా సేవించవలెను.

2. రెండవ వారం ముగియువరకు: మీగడ తీసిన పాలు, పలుచని మజ్జిగ, వడగట్టిన పెసరకట్టు, వైద్యుడు సూచించిన మాంసకృత్తుల పొడి. పాలు వెన్నకు పేరుగాంచిన పుంగనూరు ఆవువైనను మీగడ తీసియే వాడవలెను.

3. మూడు, నాలుగు వారాలు: మెత్తగా రుబ్బిన ఆహారం. మెదిపిన పెసరపప్పు, ఉడికించి రుబ్బిన సొరకాయ, బీరకాయ, గడ్డపెరుగు, బాగుగా చిదిమిన ఉడికిన గ్రుడ్డు.

4. ఐదు, ఆరు వారాలు: మెత్తని ఆహారం. పితికిన పప్పు, పన్నీరు, ముళ్ళు తీసిన ఆవిరి చేప, మెత్తని ఇడ్లీ సగం.

5. ఏడెనిమిది వారాల పిదప: ఇంటిలో అందరు తిను ఆహారమే, స్వల్ప పరిమాణంలో, ఒక్కొక్క క్రొత్త పదార్థం చొప్పున పరీక్షించి చూచుచు.

ఆసుపత్రివారు ఇచ్చిన కాగితంలో దినాల లెక్క దీనికి భిన్నంగా ఉన్నచో వారి మాటయే శిరోధార్యం. రోగి ఉత్సాహంగా ఉన్నాడు గదా అని ఒక దశను దాటవేయుట మాత్రం ఎన్నడును తగదు.

రెండు వంటకాలు

పెసరకట్టు: పొట్టు తీసిన పెసరపప్పు 2 పెద్ద చెంచాలు, నీరు 2 గ్లాసులు, చిటికెడు పసుపు, చిటికెడు వేయించిన జీలకర్ర పొడి, తగుమాత్రం ఉప్పు. పప్పును మెత్తగా ఉడికించి, రెండవ దశలో పలుచని బట్టతో వడగట్టి ఇవ్వవలెను. మిరపకాయ, చింతపండు, పోపు పనికిరావు. మాంసకృత్తులలో అధికభాగం గింజలోనే నిలిచిపోవును గనుక, మూడవ దశ రాగానే వడగట్టుట మాని పప్పుతో సహా మెదిపి ఇవ్వవలెను. కట్టులోనికి సారమంతయు దిగిపోవునని తలచుట పొరపాటు.

పితికిన పప్పు: ఇది మన చిత్తూరు సీమకు సంక్రాంతి దినాలలో లభించు వరం. పచ్చి అనపగింజలను రాత్రంతయు నానబెట్టి, ఉదయం వ్రేళ్ళతో పితికి పై తోలు తీసివేయవలెను. తోలు పోవుటచే జీర్ణానికి సులువగును. అల్లం ముక్క, పసుపు, ఉప్పు చేర్చి మెత్తగా ఉడికించి, ఒక చెంచా నూనెతో మాత్రమే తాలింపు పెట్టవలెను. ఐదవ వారం నుండి మూడు నాలుగు చెంచాలతో ప్రారంభించవచ్చును. కొబ్బరి, వేరుశనగ ముద్ద, గరం మసాలా మొదటి మూడు నెలలు చేర్చరాదు.

సంగటి ముద్ద సంగతి

మన ప్రాంతంలో రాగిసంగటి లేని ఇల్లుండదు. రాగులు మంచివే. 100 గ్రాముల రాగులలో 340 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉండును. కాని శస్త్రచికిత్స అయినవారికి సంగటితో రెండు చిక్కులు గలవు.

మొదటిది, సంగటిని మనం నమలము. ముద్దను పులుసులోనో, ఊరిబిండిలోనో అద్ది మ్రింగుదుము. తరతరాల అలవాటు ఇది. గొట్టం వలె సన్ననైన జీర్ణాశయంలో, లేదా బైపాస్ సంచి యొక్క ఇరుకైన ద్వారంలో, నమలని ముద్ద చిక్కుకొని రొమ్ములో పట్టివేసినట్లు నొప్పి, నోట నురుగువంటి లాలాజలం, వాంతి కలుగును. శస్త్రచికిత్స అయినవారు ఏ ఆహారమైనను చిన్న ముద్దలు చేసి, నీరయ్యేవరకు నమిలి, ఒక ముద్ద దిగిన పిదపనే మరొకటి తినవలెను. అట్లు నమలుటకు ఒప్పనిది సంగటి.

రెండవది, రాగులలో మాంసకృత్తులు నూటికి ఏడు పాళ్ళు మాత్రమే. నాలుగు ముద్దలు పట్టు కడుపులో రెండు ముద్దలు సంగటియే ఆక్రమించినచో పప్పునకు, గ్రుడ్డునకు చోటెక్కడిది? కావున తొలి మూడు నెలలు సంగటి వద్దు. ఆపై కోరిక ఉన్నచో పలుచని రాగిఅంబలిలో మజ్జిగ కలిపి అరగ్లాసు పుచ్చుకొనవచ్చును. అదియు మాంసకృత్తుల ఆహారం తిన్న తరువాతనే.

మాంసకృత్తుల లెక్క

శరీరం బరువు త్వరగా తగ్గునప్పుడు కొవ్వుతోపాటు కండ కూడ కరగును. దానిని నిలుపుటకు దినానికి 60 నుండి 80 గ్రాముల మాంసకృత్తులు కావలెను. మన ఆహారంలో లభించునవి సుమారుగా ఇవి:

కోడిగ్రుడ్డు ఒకటి – 6 గ్రాములు
పాలు పావు లీటరు – 8 గ్రాములు
పప్పు (వండక ముందు) 30 గ్రాములు – 7 గ్రాములు
పన్నీరు 50 గ్రాములు – 9 గ్రాములు
పెరుగు 100 గ్రాములు – 3 గ్రాములు
ఉడికిన కోడిమాంసం (ఎముక లేకుండ) 100 గ్రాములు – 25 గ్రాములు
రాగిపిండి 30 గ్రాములు – 2 గ్రాములు

శాకాహారులు అర లీటరు పాలు, 60 గ్రాముల పప్పు, 100 గ్రాముల పన్నీరు, 200 గ్రాముల పెరుగు తిన్నను 54 గ్రాములే అగును. అరచేతిలో ఇముడునంత కడుపుతో తొలి నెలలలో ఇంత తినుట కూడ సాధ్యం కాదు. అందుచే వైద్యుడు మాంసకృత్తుల పొడి వ్రాసినచో దానిని అనవసరపు ఖర్చని మానరాదు. భోజనంలో ముందుగా పప్పు, గ్రుడ్డు, పన్నీరు, తరువాత కూర, చోటు మిగిలినప్పుడే అన్నం – ఇదియే నియమం.

నీరు దినానికి ఒకటిన్నర నుండి రెండు లీటర్లు త్రాగవలెను. అయితే భోజనంతోపాటు త్రాగరాదు. తిన్న పిదప కనీసం అరగంట ఆగవలెను.

తేనె, బెల్లం, మామిడి – ఒక హెచ్చరిక

వేడినీటిలో తేనె, నిమ్మరసం కలిపి త్రాగినచో బరువు తగ్గునని నమ్మి, శస్త్రచికిత్స పిదప కూడ దానిని కొనసాగించువారు గలరు. బెల్లం చక్కెర కంటె మంచిది గదా అని మరికొందరు పానకం ఇత్తురు. బైపాస్ అయినవారిలో తీపి పదార్థం జీర్ణాశయంలో నిలువక నేరుగా చిన్నప్రేగులోనికి దిగి, నీటిని లోనికి లాగును. పది నిమిషాల నుండి అరగంటలోపల గుండెదడ, చెమటలు, కడుపులో మెలిపెట్టుట, విరేచనం కలుగును. మరికొందరికి ఒకటి నుండి మూడు గంటల పిదప రక్తంలో చక్కెర పడిపోయి కళ్ళు తిరుగును. స్లీవ్ అయినవారిలో కూడ కొందరికి ఇట్లు జరుగుటకు అవకాశం గలదు. ఈ విషయంలో తేనెకు, చిత్తూరు బెల్లానికి, మామిడిరసానికి, చక్కెరకు భేదం లేదు. పండుగనాటి ఓళిగకు కూడ ఇదే మాట.

గృహవైద్యంలో మేలు చేయునవి, చేయనివి

వాడదగినవి: పలుచని జీలకర్ర నీరు, వేయించిన జీలకర్ర వేసిన మజ్జిగ వాయువునకు ఉపశమనం. రెండవ నెల నుండి స్వల్పంగా శొంఠి, ధనియాల కషాయం వికారాన్ని తగ్గించును. మలబద్ధకం సామాన్యంగా నీరు చాలకపోవుటచే కలుగును. మొదట నీరు పెంచి చూడవలెను.

ఆగదగినవి: ఇసబ్గోలు, నానని మెంతులు నీటిని పీల్చి ఉబ్బును. ఇరుకైన జీర్ణాశయంలో అడ్డుపడవచ్చును. కావున వైద్యుని అనుమతి లేనిదే వాడరాదు. స్లీవ్ పిదప పులిత్రేన్పులు, గుండెమంట ఉన్నవారికి పుదీనా, పచ్చి వెల్లుల్లి, పుల్లని చారు బాధను హెచ్చించును.

మానదగినవి: బరువు తగ్గించు గుగ్గులు మాత్రలు, తీవ్రమైన విరేచన చూర్ణాలు. శరీరం స్వయంగానే త్వరితంగా కృశించుచున్న సమయంలో ఇంకను కృశింపజేయు ఔషధం శాస్త్రసమ్మతం కాదు. పైగా గుగ్గులు థైరాయిడ్ మందులతోను, రక్తాన్ని పలుచబరచు మందులతోను పొసగకపోవచ్చును. ఉలవలు స్థౌల్యహరాలని శాస్త్రం చెప్పినది నిజమే. వాటిని మెత్తని కట్టుగా, ఆహారంగా, మూడవ నెల నుండి వాడుట మంచిది. పరగడుపున చిక్కని కషాయంగా వద్దు.

మోకాళ్ళ నొప్పికి దుకాణంలో కొను డైక్లోఫెనాక్, ఇబుప్రోఫెన్, ఆస్పిరిన్ వంటి మాత్రలు బైపాస్ అతుకు వద్ద పుండు పడునట్లు చేయును. వైద్యుడు ప్రత్యేకించి వ్రాయనిదే వాటిని మ్రింగరాదు. పొగాకు, బీడీ, సిగరెట్టు అట్టివే. మద్యం బైపాస్ పిదప అతిశీఘ్రంగా రక్తంలో చేరును గనుక పూర్తిగా వర్జించవలెను.

జీవితాంతం మానరాని మాత్రలు

బరువు తగ్గి, ఒళ్ళు తేలికపడిన పిదప అనేకులు మాత్రలు మానివేయుదురు. నష్టం వెంటనే కనబడదు. రెండు మూడేండ్లకు రక్తహీనత, అరికాళ్ళ తిమ్మిరి, ఎముకల బలహీనతగా బయటపడును. సాధారణంగా అవసరమగునవి ఇవి: బి-12 విటమిను దినానికి 350 నుండి 1000 మైక్రోగ్రాముల మాత్ర, లేదా నెలకొక 1000 మైక్రోగ్రాముల ఇంజక్షన్, కాల్షియం దినానికి 1200 నుండి 1500 మిల్లీగ్రాములు, విడతలుగా, డి-విటమిను 3000 యూనిట్లు, ఋతుక్రమం గల స్త్రీలకు ఇనుము 45 నుండి 60 మిల్లీగ్రాములు. మోతాదు నిర్ణయం రక్తపరీక్షను బట్టి వైద్యుడే చేయవలెను. ఇనుము మాత్రకు, కాల్షియం మాత్రకు నడుమ రెండు గంటలు ఎడముండవలెను. కాఫీ, టీలతో ఇనుము మాత్ర వేసికొనరాదు. మునగాకు, కరివేపాకు ఆహారానికి మంచివే గాని ఈ మాత్రలకు ప్రత్యామ్నాయం కావు.

మధుమేహానికి, రక్తపోటునకు మందులు వాడువారు మరొక విషయం గమనింపవలెను. శస్త్రచికిత్స అయిన కొద్ది దినాలకే చక్కెర, రక్తపోటు తగ్గనారంభించును. పాత మోతాదునే కొనసాగించినచో చక్కెర పడిపోవు ప్రమాదం గలదు. సొంతంగా మానరాదు, సొంతంగా కొనసాగింపనురాదు; వైద్యునిచే మోతాదు సవరింపించుకొనవలెను.

ఈ లక్షణాలు కనబడినచో ఆలస్యం వలదు

1. నాడి నిమిషానికి 120 దాటుట, జ్వరం, కడుపులో గాని ఎడమ భుజంలో గాని తీవ్రమైన నొప్పి, ఆయాసం. ఇవి లోపలి కుట్ల వద్ద స్రావం జరుగుటకు సూచనలు కావచ్చును.

2. ఒక కాలి పిక్క వాచి నొప్పి పెట్టుట, హఠాత్తుగా ఊపిరి ఆడకపోవుట. రక్తం గడ్డకట్టుటకు సూచనలు.

3. నల్లని మలం, రక్తపు వాంతి.

4. రెండు మూడు దినాలు ఆగని వాంతులు. ఇది మిక్కిలి ముఖ్యం. మన శరీరంలో బి-1 విటమిను (థయమిన్) నిలువ రెండు మూడు వారాలకు మించి ఉండదు. వాంతులతో అది తరిగినచో నడక తూలుట, చూపు రెండుగా కనబడుట, మతి తడబడుట కలిగి, ఆ నష్టం శాశ్వతం కావచ్చును. నీరసించినవారికి వెంటనే గ్లూకోజ్ సీసా ఎక్కించుట మన పల్లెలలో పరిపాటి. బి-1 లోపం ఉన్నవానికి ముందుగా ఆ విటమిను ఇవ్వక గ్లూకోజ్ ఎక్కించినచో స్థితి విషమించును. కావున ఏ వైద్యుని వద్దకు పోయినను, చిన్న జబ్బునకైనను, "నాకు ఈ శస్త్రచికిత్స అయినది" అని మొదటనే చెప్పి ఆసుపత్రి కాగితం చూపవలెను. ఆ కాగితపు నకలు ఒకటి ఇంటిలో, ఒకటి జేబులో ఉంచుకొనుట మంచిది.

దినచర్య

శస్త్రచికిత్స జరిగిన నాడో, మరునాడో మెల్లగా నడిపింతురు. ఇంటికి వచ్చిన పిదప పూటకు పది నిమిషాలతో మొదలుపెట్టి, ఆరు వారాలకు అరగంట వరకు పెంచవలెను. తొలి ఆరు వారాలు నీటి బిందెలు, బియ్యపు మూటలు, చంటిబిడ్డలను ఎత్తరాదు. ఆపై వైద్యుని అనుమతితో బలాన్నిచ్చు వ్యాయామాలు, యోగాసనాలు చేయవచ్చును. కడుపుపై ఒత్తిడి కలిగించు ఆసనాలు, కపాలభాతి మూడు నెలల వరకు వద్దు. రాత్రి భోజనానికి, నిద్రకు నడుమ రెండు మూడు గంటలు ఉండవలెను.

సుశ్రుతుడు వ్రణరోగి పరిచర్యను చెప్పుచు, శుభ్రమైన గృహాన్ని, ప్రియభాషణం చేయు ఆప్తులను కూడ చికిత్సలో భాగంగా గణించినాడు. ఇచ్చట ఆప్తులు చేయదగినది ఒకటి గలదు. "ఇంత చిక్కిపోయినావేమమ్మా, నా మాట మన్నించి ఇంకొక్క ముద్ద తిను" అని పెండ్లి పంక్తిలో బలవంతపెట్టుట మన మర్యాద. ఆ ఒక్క ముద్దయే వాంతికి కారణమగును. ప్రేమతోనైనను కొసరి వడ్డింపరాదు. ఇంటిల్లిపాది తక్కువ నూనె, తక్కువ తీపి గల భోజనానికి మారినచో రోగికి వేరు వంట అవసరం లేదు; తాను వెలివేయబడినట్లు తోచదు.

సందేహాలు – సమాధానాలు

మూడవ నెల నుండి జుట్టు విపరీతంగా రాలుచున్నది. ఏ తైలం వాడవలెను?
బరువు వేగంగా తగ్గునప్పుడు మూడు నుండి ఆరు నెలల నడుమ ఇట్లు జరుగుట సాధారణం. తైలంతో ఆగదు. మాంసకృత్తులు, ఇనుము సరిపడ అందినచో క్రమంగా మరల మొలచును. ఆరు నెలలు దాటినను ఆగకున్నచో రక్తపరీక్ష అవసరం.

గర్భం ఎప్పుడు ధరింపవచ్చును?
పన్నెండు నుండి పదునెనిమిది నెలలు ఆగవలెను. బరువు తగ్గుటచే ఋతుక్రమం చక్కబడి, ఎదురుచూడకనే గర్భం నిలుచుట కద్దు. బైపాస్ పిదప గర్భనిరోధక మాత్రలు సరిగా ఒంటబట్టకపోవచ్చును గనుక వేరు పద్ధతి గూర్చి స్త్రీవైద్యురాలిని సంప్రదించవలెను.

ఏకాదశి, కార్తీక సోమవారాలు ఉపవాసం ఉండవచ్చునా?
మొదటి సంవత్సరం కూడదు. నీరు, మాంసకృత్తులు తగ్గి నీరసం కలుగును. వ్రతనియమాలలో రోగికి మినహాయింపు ఉన్నదని పెద్దలెరుగుదురు.

తగ్గిన బరువు మరల పెరుగునా?
పెరుగవచ్చును. పన్నెండు నుండి పదునెనిమిది నెలలలో బరువు అత్యల్పానికి చేరి, పిదప కొంత పెరుగుట సహజం. అంతకు మించి పెరుగుటకు ముఖ్యకారణం చిరుతిండి. బొరుగులు, మిక్స్చరు, బిస్కట్టు, తీపి కాఫీ చిన్న కడుపులో కూడ దినమంతయు సులువుగా జారిపోవును. భోజనవేళలు తప్ప నోరు కదపకుండుటయే దీనికి మందు.

మొదటి సంవత్సరం మూడవ, ఆరవ, పన్నెండవ నెలలలోను, ఆపై ఏటేటను రక్తపరీక్షలు చేయించుకొనుట మరువరాదు. శస్త్రం కడుపును చిన్నది చేయగలదు గాని నాలుక అలవాటును మార్చలేదు. ఆ పని రోగి నిగ్రహానిది, ఇంటివారి సహకారానిది. ఆ రెండును తోడైన ఇంట ఆరోగ్యం నిలుచును.